8 చారల గే ప్రైడ్ జెండా చేత్తో చేయాలి: గుడ్డ, రంగులు, కుట్టు గురించి చెప్పండి

చారల చొక్కా (ప్రశ్న):

కొట్లో అడిగినా ఆన్‌లైన్‌లో వెతికినా దొరికేది 6 చారల పాలిస్టర్ జెండానే. నాకు కావలసింది 1978 జూన్ 25న శాన్ ఫ్రాన్సిస్కో యునైటెడ్ నేషన్స్ ప్లాజాలో మొదటిసారి ఎగిరిన 8 చారల జెండా. పైనుంచి కిందికి రాణి రంగు (ముదురు గులాబీ), ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, టర్కాయిజ్, నీలిమందు రంగు, ఊదా. ఆ జెండాని రూపొందించిన గిల్బర్ట్ బేకర్ వీటికి వరసగా సెక్స్, ప్రాణం, గాయం మానడం, ఎండ, ప్రకృతి, మాయ-కళ, ప్రశాంతత, ఆత్మ అని అర్థాలు చెప్పాడు.

ఇప్పుడు మనం ఊపుతున్న జెండాలో లేని రెండూ ఏవో చూడండి. సెక్స్, కళ. గే మగవాడి బతుకులోంచి ఆ రెండూ తీసేసి, మిగతా ఆరూ ఉంచుకోమంటే ఎలా? మనల్ని నలుగురిలో మర్యాదస్తులుగా చూపించడానికే గులాబీ చార పీకేశారని చాలామంది అంటారు. అది నిజమేనా?

అసలు పనికి వస్తాను. ఒక గదిలో చిన్న ప్రదర్శన కోసం 6 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు జెండా చేయాలి. నూలుగుడ్డే వాడాలి, రంగు చేత్తోనే అద్దాలి. ఏ గుడ్డ, ఎంత? కలంకారీవాళ్ళ సహజ రంగులతో కుదురుతుందా? కుట్టు ఎలా? జెండా పక్కన పాటలు కూడా పెడదామని ఉంది, అదే ఊరివీ అదే కాలంవీ అయితే బాగుంటుంది.

పన్నా:

ముందు చరిత్ర సంగతి తేల్చేస్తాను, అందులో మీరడిగినదానికి జవాబుంది.

గులాబీని సిగ్గుపడి తీయలేదండీ. గుడ్డ దొరక్క తీశారు. 1978 నవంబర్ 27న శాన్ ఫ్రాన్సిస్కోలో బాహాటంగా గే అయిన నగర ప్రతినిధి హార్వీ మిల్క్‌నీ మేయర్ మోస్కోనీనీ కాల్చి చంపారు. ఆ తర్వాత ఈ జెండా కావాలని అడిగేవాళ్ళు ఒక్కసారిగా పెరిగారు. చేత్తో అద్దేటప్పుడు ఏ రంగైనా మన చేతిలోనే ఉంటుంది. పారమౌంట్ ఫ్లాగ్ కంపెనీ లాంటి చోట తానుల లెక్కన కుట్టాలంటే మాత్రం మిల్లు రంగే దిక్కు. ఆ ముదురు గులాబీ గుడ్డ కావలసినంత దొరకలేదు. చారలు 7 అయ్యాయి.

1979లో టర్కాయిజ్ పోయింది. మార్కెట్ స్ట్రీట్ దీపస్తంభాలకు జెండాను నిలువుగా వేలాడదీస్తే నడిమి చార స్తంభం చాటుకి పోయేదని ఒక మాట, వీధికి ఆ పక్క మూడు ఈ పక్క మూడు పంచడానికని ఇంకో మాట. ఎలా చూసినా సరిసంఖ్య కావాల్సి వచ్చింది. గమ్మత్తేమిటంటే ఏడింటిలో నడిమిది ఆకుపచ్చ. స్తంభం చాటుకి పోయింది అది, పోగొట్టుకున్నది టర్కాయిజ్. నీలిమందు రంగు బదులు మామూలు ముదురు నీలం కూడా అప్పుడే వచ్చి కూర్చుంది.

బేకర్‌కి ఈ రెండు చారల మీద మమకారం పోలేదు. 2003లో ఫ్లోరిడా కీ వెస్ట్‌లో ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా మైలుంబావు జెండా పరిచినప్పుడు 8 రంగులూ పెట్టాడు. కాబట్టి మీరు చేయబోయేది పాత జెండాకి నకలు మాత్రమే కాదు, ఆయన మళ్ళీ కావాలనుకున్న రూపం కూడా.

ఇంకో మాట, బేకర్ ఒక్కడే కుట్టలేదు. 330 గ్రోవ్ స్ట్రీట్‌లోని గే కమ్యూనిటీ సెంటర్ పై అంతస్తులో సుమారు 30 మంది పనిచేశారు. అద్దకం బాగా తెలిసిన మనిషి లిన్ సెగర్‌బ్లోమ్, కుట్టుపనిలో దిట్ట జేమ్స్ మెక్‌నమారా. ప్రదర్శనలో పేర్లు రాస్తే ముగ్గురివీ రాయండి. చెత్తడబ్బాల్లో రంగునీళ్ళు కలిపి, ఊళ్ళో లాండ్రీ మెషీన్లలో జాడించారు. అప్పుడు చేసినవి రెండు జెండాలు. ఒకదాని మూలన నీలం మీద ముడి అద్దకంతో నక్షత్రాలు ఉండేవి. దాన్ని ఎవరూ తలవరు, నాకైతే అదే ఎక్కువ ఇష్టం.

ఒక్కో జెండా 30 అడుగులు × 60 అడుగులు. 30 అడుగుల్ని 8 చారలకు పంచితే ఒక్కోటి 45 అంగుళాలు. మామూలు నూలు తాను పన్నా, అంటే గుడ్డ వెడల్పు కూడా దాదాపు అంతే కదా! తానుని నిలువుగా చీల్చకుండా చారకి ఒక పన్నా వేసుకుంటే సరిపోయే కొలత. ఇది నా లెక్క మాత్రమే, కానీ కుట్టేవాడి బుర్రకి తట్టే లెక్కే.

గుడ్డ గురించి ఒక హెచ్చరిక. ఆ జెండా మస్లిన్‌తో చేశారని చదివి ఢాకా మస్లిన్ లాంటి పల్చటిది కొనకండి. అమెరికాలో మస్లిన్ అంటే మన కోరా గుడ్డ. తెల్లబరచని, మామూలు నేత నూలు.

తొట్టి:

అద్దకం నేను చెప్తాను.

44 అంగుళాల పన్నా కోరా గుడ్డ, చదరపు మీటరు 150 గ్రాములు తూగేది, నాలుగున్నర మీటర్లు తీసుకోండి. కోయకముందే ఉడకబెట్టాలి. రాత్రంతా నీళ్ళలో నానేసి గంజి వదిలించి, మరునాడు లీటరు నీటికి 2 గ్రాముల చాకలి సోడా, కొంచెం సబ్బుపొడి వేసి గంటసేపు మరిగించండి. ఆరాక దానిమీద ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలబడితే ఇంకా మైనం, నూనె ఉన్నట్టే, మళ్ళీ మరిగించాలి. పడగానే ఇంకిపోతే సిద్ధం. మచ్చలు మచ్చలుగా రంగెక్కిందని ఏడ్చేవాళ్ళలో సగంమంది ఈ చుక్క వేసి చూడనివాళ్ళే.

ఈపాటికి గుడ్డ ముడుచుకుని పన్నా 42 దాకా దిగుతుంది. పొడవు 78 అంగుళాల చొప్పున రెండు ముక్కలు చేసి, ఒక్కోదాన్నీ 8 అంగుళాల వెడల్పు పట్టీలుగా చించండి. కత్తెర వద్దు. చించితే దారం వెంట తిన్నగా వస్తుంది. ముక్కకి 5 చొప్పున మొత్తం 10 పట్టీలు. రెండు అదనం, అవి కచ్చితంగా అవసరపడతాయి.

రంగులు కోల్డ్ బ్రాండ్ రియాక్టివ్, అంటే గోరువెచ్చటి నీళ్ళలోనే నూలుకి అంటుకునే ఎమ్ రకం. పట్టీ 60 గ్రాములు తూగుతుంది. దానికి నీళ్ళు లీటరున్నర, రంగు పొడి ముదురు చారలకి 2.5 గ్రాములు, కల్లుప్పు 90 గ్రాములు, చాకలి సోడా 30 గ్రాములు. చెంచా లెక్క నమ్మకండి, 0.1 గ్రాము చూపించే చిన్న తూకం కొనుక్కోండి. వంటసోడా పనికిరాదు, దాని క్షారం చాలదు. బోరు నీళ్ళు కూడా వద్దు. అందులోని సున్నం సోడాతో కలిసి తెల్లటి పొడిలా గుడ్డ మీద పేరుకుని రంగుని చంపేస్తుంది.

పొడిని ముందు గోరువెచ్చటి నీళ్ళతో ముద్ద చేసి, తర్వాత పల్చన చేయండి. మరిగే నీళ్ళు పోస్తే రంగు గుడ్డని చేరకముందే నీళ్ళతో కలిసి చచ్చిపోతుంది. ఉప్పు కరిగించి, తడిపి పిండిన పట్టీ వేసి, 20 నిమిషాలు ఆగకుండా కలపండి. ఆ తర్వాత సోడాని విడిగా కరిగించి, పట్టీని పక్కకి తీసి, రెండు విడతలుగా పోయాలి. సోడా నేరుగా గుడ్డ మీద పడితే అక్కడ ముదురు మచ్చ ఖాయం. సోడా పడ్డాక గంట నుంచి గంటన్నర, నీళ్ళు 35 డిగ్రీలకు అటూఇటూగా ఉండాలి. మన ఎండాకాలం బకెట్ నీళ్ళు చాలు, డిసెంబర్ పొద్దున్నే అయితే వేణ్ణీళ్ళు కలపక తప్పదు.

ఇక టర్కాయిజ్. మిగతా ఏడింటికీ పైన చెప్పినట్టు చేసి, దీన్నీ అలాగే వదిలేస్తే పాలిపోయిన ఆకాశం రంగు వస్తుంది. కారణం ఉంది. టర్కాయిజ్ రంగు అణువు మధ్యలో రాగి కూర్చున్న పెద్ద థాలోసయనిన్ ముద్ద. అది నూలు పోగు లోపలికి మెల్లగా దూరుతుంది. అందుకని నీళ్ళు 45–50 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఉప్పు 120 గ్రాములకు పెంచి, సోడా తర్వాత 3 గంటలు ఉంచండి. తొట్టిని పాత దుప్పట్లో చుట్టేస్తే వేడి నిలుస్తుంది. డబ్బా మీద హెచ్ అనో వినైల్ సల్ఫోన్ అనో ఉంటే అది ఎమ్ రకం కాదు, ఇంకా వేడి కావాలి. కొనేముందే చూసుకోండి. సరిగ్గా వస్తే చీరల కొట్లో ఆనంద బ్లూ అంటామే, దానికి దగ్గరగా ఉంటుంది.

రాణి రంగుకి మెజెంటా పొడి 1 గ్రాము చాలు. ముదరాలని రెండున్నర వేస్తే వంగపండు తొక్కలా తయారవుతుంది. పసుపుకి లెమన్ ఎల్లో, ఆకుపచ్చకి అదే లెమన్‌లో నాలుగోవంతు బ్లూ. ముందు చిన్న ముక్క మీద చూసుకోండి. ఊదాని మాత్రం మెజెంటా, టర్కాయిజ్ కలిపి చేయకండి. మెజెంటా పరుగెత్తి ముందు అంటుకుంటుంది, టర్కాయిజ్ వెనకబడుతుంది, చారంతా గులాబీ అంచులతో నీలం మబ్బులా వస్తుంది. కలిపి అమ్మే వయొలెట్ డబ్బా కొనేయండి.

జాడింపు దగ్గరే చాలామంది బద్ధకిస్తారు. ముందు చన్నీళ్ళలో ఉప్పు, సోడా పోయేదాకా. తర్వాత దాదాపు మరిగే నీళ్ళలో సబ్బుతో 10 నిమిషాలు, రెండుసార్లు. ఏ రంగుకా రంగు విడిగా. చివర తడి పట్టీని తెల్లగుడ్డ మడతలో పెట్టి ఇస్త్రీ చేయండి. తెల్లగుడ్డకి రంగంటితే మళ్ళీ ఉడకబెట్టండి. ఎరుపు నారింజ మీదికీ, నీలం ఊదా మీదికీ పాకితే పెద్దగా తెలియదు. నారింజ పసుపు మీదికి పాకితే జెండా మొత్తం పోయినట్టే.

పొడి తూచేటప్పుడు ఫ్యాన్ ఆపి, మాస్కు, గ్లవుజులు వేసుకోండి. ఈ పొడి పీలిస్తే కొందరికి ఆయాసం పట్టుకుంటుంది. వంటగిన్నెలు వాడొద్దని విడిగా చెప్పాలా!

కరక్కాయ:

సహజ రంగుల గురించి అడిగారు. ఆశ పడొద్దు, పూర్తిగా వదిలేయనూ వద్దు.

పట్టీకి 12 గ్రాముల కరక్కాయ పొడి నీళ్ళలో నానబెట్టి ఎండబెట్టి, తర్వాత 12 గ్రాముల పటిక నీళ్ళలో ముంచితే గుడ్డ రంగుకి సిద్ధమవుతుంది. శ్రీకాళహస్తిలో కరక్కాయతో పాటు పాలు పట్టించేది కలంతో గీసిన గీత పాకకుండా ఉండటానికి. మీరు గీతలు గీయట్లేదు కాబట్టి పాలు అక్కర్లేదు.

ఎరుపుకి మంజిష్ఠ, గుడ్డ బరువుకి సమానంగా. పాతకాలం మచిలీపట్నం ఎరుపుకి పేరు తెచ్చింది చిరివేరు, అది దొరికితే ఇంకేం కావాలి. నీళ్ళ వేడి 70 డిగ్రీలు దాటనివ్వకండి, దాటితే ఎరుపు గోధుమరంగుకి తిరుగుతుంది. నీలానికి నీలిమందు కాగు. ముంచినప్పుడు పచ్చగా ఉండి, బయటికి తీశాక గాలి తగిలి కళ్ళముందే నీలమవుతుంది. నాలుగైదు ముంపులు వేయండి, ఒక్కసారే ఎక్కువసేపు నానబెడితే లాభం లేదు. నీలిమందు రుద్దితే అంటుకునే రకం, పక్క చార మీద మడిచి దాచకండి. ఆకుపచ్చకి ముందు నీలి, దాని మీద పసుపు. పసుపుకి మన వంటింటి పసుపు వాడకండి. వేసినరోజు ధగధగలాడి, కిటికీ ఎండకి కొన్నాళ్ళకే వెలిసిపోతుంది. బంతిపూలో దానిమ్మ తొక్కో మేలు.

ఇక రాణి రంగు, టర్కాయిజ్. లక్కతో గులాబీ ఛాయ వస్తుంది కానీ ఆ మెరుపు రాదు. పల్చటి నీలి ముంపుతో లేతనీలం వస్తుంది, టర్కాయిజ్ రాదు. మిల్లు గుడ్డలోనూ, వీధి స్తంభం మీదా పోయిన ఆ రెండే ఇక్కడా పోతున్నాయి, చూశారా! ఆరు సహజ రంగులు, రెండు డబ్బా రంగులు కలిపి చేస్తే చూపు సరిపోలదు, ఆ రెండు చారలూ పక్కవాటిని మింగేస్తాయి. అన్నీ డబ్బావే వాడండి.

కుట్టుమిషన్:

పట్టీలు ఆరి ఇస్త్రీ అయ్యాక 7 అంగుళాల వెడల్పుకి కత్తిరించండి. కనబడేది 6, రెండు పక్కలా చెరో అరంగుళం కుట్టులోకి. 8 ఆరులు 48, అంటే 4 అడుగులు. పైన, కింద అంచుల అరంగుళం మడతలోకి పోతుంది. పొడవు 72 కావాలి, ఎగిరే కొసన రెండు మడతలకి 2 అంగుళాలు, కర్ర వైపు అరంగుళం.

జెండా రెండు వైపులా కనబడుతుంది కాబట్టి మామూలు కుట్టు వేసి లోపల కొసలు వదిలేస్తే చండాలంగా ఉంటుంది. జీన్స్ కాలికి ఉండే కుట్టు వేయండి. రెండు పట్టీలు కలిపి అరంగుళం మీద ఒక వరస కుట్టి, ఒక కొసని పావంగుళానికి కత్తిరించి, రెండోదాన్ని దానిమీదుగా లోపలికి మడిచి పైనుంచి ఇంకో వరస. మడత ఎప్పుడూ ముదురు చార వైపు పడుకోవాలి. పసుపు వైపు పడుకుంటే నారింజ కొస గీతలా కనబడుతుంది.

తొలిసారి చేసేవాళ్ళకి జెండా అరటిపండులా వంగిపోతుంది. మిషన్ పళ్ళు కింది గుడ్డని లాక్కుపోతాయి, పై గుడ్డ వెనకబడుతుంది. ఒక్కో కుట్టుకి కొద్దిగా తేడా వచ్చినా ఏడు కుట్లూ ఒకే వైపు నుంచి మొదలుపెడితే అంతా ఒకే పక్కకి చేరుతుంది. నడిమధ్యన ఒక పిన్ను, రెండు కొసల్లో చెరొకటి పెట్టి, మధ్య నుంచి కొసలకి కుట్టండి. 16 నంబరు సూది, పాలిస్టర్ దారం. నూలు దారం ఎండకి ముందు తెగుతుంది.

ఎగిరే కొసన నాలుగు వరసలు వేయండి, చిరిగేది ఎప్పుడూ అక్కడే. కర్ర వైపు గట్టి కాన్వాస్ పట్టీతో గొట్టంలా కుట్టి, పై కొస మూసేయండి, లేకపోతే జెండా కర్ర మీంచి జారుతుంది.

తొందరపాటు:

ఇంత కష్టం ఎందుకండీ? 8 రంగుల శాటిన్ కొనుక్కుని కుట్టేస్తే ఒక పూటలో అయిపోతుంది. లేదా ఫ్లెక్సీవాడికిస్తే గంటలో ప్రింటు కొట్టిస్తాడు.

తొట్టి:

నడకలో ఊపడానికైతే అదే నయం, తేలిగ్గా ఎగురుతుంది. కానీ ఆయన అడిగింది గదిలో దగ్గరగా నిలబడి చూసే జెండా. చేత్తో అద్దిన చారలో ఒక చోట ముదురు, ఒక చోట లేత, పట్టీ మడతపడ్డచోట సన్నటి గీత ఉంటాయి. చూసేవాళ్ళు అక్కడ ఆగుతారు. శాటిన్ కొన్నాక దాన్నే అద్దుదామని మాత్రం అనుకోకండి, ఈ రంగులు పాలిస్టర్‌కి అంటవు.

రెండో వాయిద్యం:

పాటల మాట ఎవరూ ఎత్తలేదు. అదే ఊరు, అదే సంవత్సరం కావాలంటే సిల్వెస్టర్‌కి మించినవాళ్ళు లేరు. పెంటెకోస్తల్ చర్చిలో పాడుతూ పెరిగిన నల్లజాతి గే గాయకుడు, సన్నటి పై స్థాయి గొంతు. 1978 నాటి ఆయన డిస్కో పాటల్లో సింథసైజర్ ప్యాట్రిక్ కౌలీది, వెనక గొంతులు మార్తా వాష్, ఇజోరా రోడ్స్‌వి. కౌలీ 1982లో, సిల్వెస్టర్ 1988లో ఎయిడ్స్‌తో పోయారు. పాటల పక్కన ఈ రెండు సంవత్సరాలూ రాసి పెట్టండి, ఇంకేం రాయక్కర్లేదు.

డిస్కోతోనే ఆపేయకండి. జాన్ సిమ్స్ అనే సంగీత ఉపాధ్యాయుడు 1978లోనే గే ఫ్రీడమ్ డే మార్చింగ్ బ్యాండ్ పెట్టాడు. జెండా ఎగిరిన ఆ ఊరేగింపులోనే అదీ నడిచింది. ఆయనే మొదలుపెట్టిన శాన్ ఫ్రాన్సిస్కో గే మెన్స్ కోరస్ జనం ముందు మొదట పాడింది నవంబర్ 27 రాత్రి, సిటీ హాల్ మెట్ల మీద, మిల్క్ కోసం కొవ్వొత్తులు పట్టుకుని వచ్చినవాళ్ళ మధ్య. పాడింది మెండెల్‌సన్ కూర్చిన ప్రార్థన. డిస్కో ఒక గంట, తర్వాత రెండు నిమిషాలు నిశ్శబ్దం, ఆ తర్వాత మగ గొంతుల బృందగానం. ఈ వరసలో పెట్టండి. తిప్పి పెడితే డిస్కో చవగ్గా వినిపిస్తుంది.

ఫోన్ స్పీకరుతో పెట్టకండి. డిస్కోలో లెక్క తప్పని నాలుగు దెబ్బల కింది డ్రమ్ము అందులో వినబడదు, అది లేకపోతే మిగిలేది ఈల. ఒక మామూలు స్పీకర్‌ని గది మూలకి చేరిస్తే బేస్ దానంతటదే పెరుగుతుంది. మాట్లాడుకునేవాళ్ళు గొంతు పెంచాల్సి వస్తుంటే రెండు మెట్లు తగ్గించండి.

చారల చొక్కా:

అందరికీ థాంక్స్. గులాబీ గురించి నేననుకున్నది తప్పన్నమాట. సిగ్గు కంటే గుడ్డ కొరతే నయంలెండి. ఒక్క చిన్న అనుమానం. గది గోడ వెడల్పు తక్కువ, నిలువుగా వేలాడదీయాల్సి వస్తే గులాబీ ఎటు ఉండాలి?

కుట్టుమిషన్:

ఎదురుగా నిలబడి చూసేవాళ్ళకి ఎడమవైపు. నిలువుగా వేసేటట్టయితే కాన్వాస్ గొట్టం పైకి వస్తుంది. అందులో కర్ర బదులు అల్యూమినియం పైపు దూర్చి రెండు కొసలా తాడు కట్టండి. సన్నటి వెదురైతే గుడ్డ బరువుకి మధ్యలో కుంగొచ్చు, అప్పుడు మొదట ముడతపడేవి నడిమిన ఉన్న పసుపు, ఆకుపచ్చ చారలే.